అరక్షణం ముందు

పగలంతా ఇలింకా బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఇటలీలో ఎవరో తొడుక్కునే చొక్కాలకి కాలర్లు. అక్కడ ఆమె చేతికి పేరు లేదు, మిషను నంబరు మాత్రమే ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం బ్రయిలా ఊళ్లో హిపోడ్రోమ్ పేట మొత్తానికీ ఆ చేయి తెలుసు. తుపాకుల ఆటలో దూరం నుంచి కాల్చే పని ఆమెది. అవతలివాడు గోడచాటు నుంచి ముక్కు బయటపెట్టీ పెట్టకముందే నేలమీద ఉండేవాడు. బ్లాకు మెట్లమీద కూర్చొని పొద్దుతిరుగుడు గింజలు కొరికి ఊసే మగరాయుళ్లు, ఆమె సంచీ పట్టుకొని పైకి వెళ్తుంటే కాళ్లు ముడుచుకొని దారి ఇచ్చేవాళ్లు. ఆ పేటలో ఒక ఆడపిల్లకి అలా దారి దొరకడం చిన్న సంగతి కాదు.

ఆ రోజుల్లో మా వైపు కంపెనీలు ఇంటింటికీ నెట్ ఇచ్చేవి కావు. పేటలో ఎవడో ఒక చురుకైనవాడు ఎక్కడి నుంచో ఒక లైను తెచ్చుకొని, ఒక బ్లాకు నెత్తి నుంచి ఇంకో బ్లాకు నెత్తికి తీగలు లాగి, అందరికీ పంచేవాడు. హిపోడ్రోమ్‌లో ఆ చురుకైనవాడు వోయికు. ప్రతి బ్లాకులో పై అంతస్తున అందరూ బట్టలు ఆరబెట్టుకోవడానికని ఒక గది కట్టారు కదా, ఆ గదిని తన రాజ్యం చేసుకున్నాడు. బట్టల తాళ్ల స్థానంలో నెట్ తీగలు వచ్చాయి. ఆడవాళ్లు కొన్నాళ్లు గొణిగి, తర్వాత బాల్కనీల్లోనే ఆరేసుకోవడం మొదలుపెట్టారు. నెట్ పోయిందంటే పేటలో అందరూ ఒకటే మాట అనేవాళ్లు, పైవాణ్ణి అడగండి అని. దేవుణ్ణి కాదు, వోయికుని.

ఆ పైవాడే ఇలింకాకి కాబోయే మొగుడు. వచ్చే వేసవిలో పెళ్లని రెండిళ్లవాళ్లూ అనుకున్నారు. జట్టుకి కెప్టెన్ కూడా అతనే. అందుకు కారణం ఆట కాదు, తీగలు అతనివి కావడమే. నవంబరులో బుకారెస్ట్‌లో పెద్ద పోటీ ఉంది. గెలిచిన జట్టు ఫొటో పత్రికలో వేస్తారు, ఆ జట్టులోవాళ్లని రాజధాని క్లబ్బులు ఎగరేసుకుపోతాయి. హిపోడ్రోమ్ జట్టులో ఆడేవాళ్లు ఆరుగురు, కుర్చీలు మాత్రం అయిదు. ఆరుగురిలో ఎవరు వెనకబడితే వాళ్లు ఇంట్లో ఉండాలని వేసవిలోనే ఒప్పందమైంది. ఒప్పందమైనప్పుడు అందరి చూపూ నేలమీదే ఉంది, ఎందుకంటే వెనకబడినవాడు ఎవరో అందరికీ తెలుసు. కెప్టెన్ మొహం మీద ఎవరంటారు?

మార్కెట్లో ఎర్ర మిరపకాయలు దిగే వేళకి ఇలింకా లైను చెడింది.

పూర్తిగా పోతే ఏ గొడవా లేదు. ఇది పోదు. ఆటలో ఆమె మనిషి బురదలో దిగబడ్డట్టు నడుస్తాడు. ఆమె మీట నొక్కుతుంది, తుపాకి తర్వాతెప్పుడో పేలుతుంది. ఈలోగా అవతలివాడు దాటిపోతాడు, లేకపోతే ఆమెనే కాల్చేస్తాడు. పింగ్ చూస్తే, అంటే ఇక్కడి నుంచి కబురు వెళ్లి జవాబు తిరిగిరావడానికి పట్టే సమయం చూస్తే, మిగతా అయిదుగురికీ ఉన్నదానికి ఆమెది ఎన్నో రెట్లు. మొదటివారం జట్టంతా జాలిపడింది. రెండోవారం జాలి తగ్గింది. మూడోవారం ఓడిపోయిన ఆట తర్వాత ఓక్తావ్ అనేశాడు. ఓక్తావ్ జట్టులో అందరికన్నా పెద్దవాడు, ట్రాము నడుపుతాడు, నోరు కాస్త దురుసు.

"ఆడలేక మద్దెల ఓడందట. ఎప్పుడు చూసినా లైనూ లైనూ అంటావ్, మాకెవరికీ లేని జబ్బు నీ ఒక్కదానికే ఏంటమ్మా?"

ఇలింకాకీ అదే అనుమానంగా ఉంది.

వోయికు మాత్రం ఆమెని ఒక్కమాట అనలేదు. పని కాగానే ప్రతి సాయంత్రం పటకారూ తీగచుట్టా పట్టుకొని రెండో అంతస్తుకి దిగి వచ్చేవాడు. అలాంటి అల్లుడు దొరకడం అదృష్టమని ఇలింకా తండ్రి అంగెల్ కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. అంగెల్ నౌకల కార్ఖానాలో క్రేను నడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక కూతురే లోకం. వోయికు బల్ల కింద దూరితే ఆయన టార్చిలైటు పట్టుకొని పక్కనే గొంతుక్కూర్చునేవాడు. తీగ చివరి మూతి కత్తిరించి కొత్తది బిగించారు. అది కాదు. తీగ మొత్తం మార్చారు. అదీ కాదు. ఫ్రిజ్ మోటారు వల్ల అయ్యుండొచ్చన్నాడు వోయికు, పాపం అంగెల్ ఫ్రిజ్‌ని వంటింట్లోంచి నడవాలోకి ఒక్కడే లాగాడు. నడుం పట్టేసి రెండ్రోజులు మంచం మీద ఉన్నాడు. తర్వాత రేడియో వంతు వచ్చింది, ఆ తర్వాత కరెంటు పొయ్యి. కంప్యూటర్లో ఉన్నదంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించారు. ఇలింకా తల్లి ఫొటోలు రెండు అందులోనే పోయాయి. వోయికు నిజంగానే బాధపడ్డాడు.

పని అయ్యాక ముగ్గురూ కూర్చొని చిక్కుడుగింజల పులుసు తాగేవాళ్లు. వోయికు రెండోసారి వడ్డించుకునేవాడు.

"బెంగెట్టుకోకు రుచ్చీ. దొరుకుద్ది. తీగన్నాక ఎక్కడో ఓ చోట దొంగ ఉంటాడు, పట్టుకోవాలంతే," అనేవాడు. ఇంట్లో ఆమెని రుచ్చి అని ఎవరూ పిలవరు. కానీ అతను అలా పిలవడం ఆమెకి ఇష్టంగా ఉండేది.

ఒకనాడు ఆ దొంగ దొరికాడనుకుంది ఇలింకా. నెట్ తీగ మేడమీది నుంచి బాల్కనీల పక్కగా కిందికి దిగుతుంది. దాని వెంట కళ్లు పైకి పరిగెత్తిస్తే, నాలుగో అంతస్తులో సిదోనియా పిన్ని బాల్కనీ దగ్గర తీగ ఎర్రగా ఉంది. పిన్ని ఆ తీగకి మిరపకాయల దండలు కట్టి ఎండబెట్టింది. ఒకటీ రెండూ కాదు, తీగ కుంగిపోయేంత. హిపోడ్రోమ్ వాళ్ల తెలివి ఇలాగే ఉంటుంది. వాళ్లకి గాలిలో కనిపించిన ప్రతి తీగా బట్టల తీగే, ఆరబెట్టే గది లాక్కున్న పాపానికి అలా కాక మరెలా ఉంటుంది?

ఇలింకా మెట్లు రెండేసి ఎక్కి వెళ్లి నానా మాటలూ అంది. కళ్లు కనపడ్డం లేదా అంది, వయసొచ్చాక మతి పోయిందా అంది. ఇన్నాళ్లుగా తన ప్రాణం తోడుతున్నది ఈ మిరపకాయలేనా అంది. ఎదురింటి తలుపులు తెరుచుకున్నాయి. సిదోనియా చేతులు కట్టుకొని అంతా విని, ఒక్క దండే విప్పుతూ చాలా నెమ్మదిగా అంది.

"మీ అమ్మా నేనూ ఈ బాల్కనీలోనే ఎండేసేవాళ్లం. అప్పుడు నీకు మూడేళ్లు. కారం కంట్లో పెట్టుకుంటే నేనే కడిగా. తీసేస్తున్నాలే, ఇంక అరవకు."

దండలన్నీ దిగాయి. ఆ సాయంత్రం ఇలింకా మనిషి బురదలోనే ఉన్నాడు. సిదోనియా పిన్ని మెట్లమీద ఎదురైతే గోడవైపు తిరిగి దారి ఇవ్వడం మొదలుపెట్టింది.

అడుసులో బతకాల్సి వస్తే అడుసులోనే నడక నేర్చుకుంటారు. ఇలింకా కూడా నేర్చుకుంది. మనిషి కనిపించిన చోట కాదు, అరక్షణం తర్వాత ఎక్కడుంటాడో అక్కడ గురిపెట్టాలి. అతను తలుపు దాకా రాకముందే తలుపుకి కాల్చాలి. మొదట గుండ్లన్నీ గోడలకి తగిలాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తినీ తినక, అదే పనిగా సాధన చేసింది. చేతికి కొత్త లెక్క పట్టుబడింది. ఆలోచించే పని లేకుండా వేలు దానంతట అదే ముందుగా నొక్కడం మొదలుపెట్టింది. అక్టోబరు నడిమికి ఆమె మళ్లీ గెలుస్తోంది. మునుపటంత కాదు, కానీ వోయికుకన్నా మెరుగు. ఓక్తావ్ కూడా తన నోటితోనే, పిల్ల తేరుకుందిరోయ్ అన్నాడు.

ఆ వేళ పులుసు దగ్గర ఇలింకా ఎంతో సంతోషంగా చెప్పింది, ఇదిగో ఇలా ముందుగా కాలుస్తున్నాను, ఇంక లైను ఎలా ఉన్నా నాకు దిగులు లేదు అని. వోయికు చెంచా పళ్లెంలో పెట్టాడు. బాగుంది బాగుంది అన్నాడు. రెండోసారి వడ్డించుకోలేదు.

మర్నాడు పింగ్ ఇంకా పెరిగింది.

ఇలింకా తెరకేసి చాలాసేపు చూస్తూ కూర్చుంది. చెడిపోయిన తీగకి తను నేర్చుకున్న సంగతి ఎలా తెలిసింది? ఫ్రిజ్‌కి తెలుస్తుందా, మిరపకాయలకి తెలుస్తుందా? ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. తనకోసం రోజూ బల్ల కింద దూరుతున్న మనిషి గురించి అలా అనుకోవచ్చా? కానీ కాలర్లు కుట్టేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. కుట్టు వంకర పోతే సూది మారుస్తారు, దారం మారుస్తారు, అప్పటికీ పోతుంటే గుడ్డ నొక్కి పట్టుకున్న చేతిని చూస్తారు.

ముందు సిదోనియా పిన్ని కాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది. నిజంగా పట్టుకోలేదు గానీ, వాకిట్లో నిలబడి తప్పయిపోయిందని చెప్పి ఏడ్చింది. పిన్ని మొహం చిట్లించుకొనే లోపలికి రమ్మంది. ఆమె ఇంట్లో అద్దెకున్న విద్యార్థి వెళ్లిపోతూ వదిలేసిన నెట్ తీగ ఒకటి కిటికీ పక్కన వేలాడుతోంది. ఇలింకా తన కంప్యూటరు మోసుకొచ్చి దానికి తగిలించింది. వేరే ఇల్లు, వేరే తీగ, అదే బురద. అంటే తీగది తప్పు కాదు. ఆ మాట వోయికుకి చెబితే, అయితే మిషన్లోనే ఉందన్నమాట అని తల ఊపాడు. మిషనుది ఏం చేస్తాం రుచ్చీ, ఈ పోటీ అయ్యాక కొత్తది కొందాంలే అన్నాడు.

నెట్‌కి కలిసే ప్రతి కంప్యూటర్లోనూ ఒక చిన్న కార్డు ఉంటుంది. దానికి పుట్టుమచ్చలాగా ఒక నంబరు ఉంటుంది. పైగదిలో వోయికు తన చేత్తో ఆ నంబరూ, దాని పక్కన మనిషి పేరూ ఎక్కిస్తేనే ఆ ఇంటికి నెట్ వస్తుంది. పేటలో అందరికీ ఈ పద్ధతి తెలుసు. ఇలింకా ఆదివారం సంతలో తుక్కు అమ్మేవాడి దగ్గర ఒక పాత కార్డు కొని, సిదోనియా పిన్నికి చెప్పాల్సిన మాటలు నేర్పింది. పిన్ని పైకి వెళ్లి, మేనల్లుడు పాత కంప్యూటరు ఇచ్చాడనీ, స్పెయిన్లో ఉన్న చెల్లెలితో మాట్లాడుకుంటాననీ చెప్పింది. వోయికు నవ్వుతూ ఆ నంబరు సిదోనియా పేరున ఎక్కించాడు.

ఆ కార్డు తన కంప్యూటర్లోనే పెట్టి, పిన్ని ఇంట్లోనే కూర్చొని చూసింది ఇలింకా. ఆటలో మనిషి గాలిలా పరిగెత్తాడు. పింగ్ నిలకడగా, అందరికన్నా తక్కువగా ఉంది. సంతోషంలో అటూ ఇటూ ఉరికింది, నాలుగు గుండ్లు కాల్చింది, అవి తగలకపోయినా పట్టించుకోలేదు. తీగా కాదు, మిషనూ కాదు. తన పాత కార్డే చెడిపోయిందన్నమాట! ఎంత తేలిక సంగతి! వోయికు మీద అనుమానపడినందుకు మనసులోనే చెంపలు వేసుకుంది. పరుగున పైకి వెళ్లి, పిన్నికి కంప్యూటరు నచ్చలేదట, ఆ కార్డు నేను తీసుకున్నాను, దాన్ని నా పేరున మార్చు అని అడిగింది. మార్చాడు.

మర్నాడు సాయంత్రం అదే కార్డు, అదే కంప్యూటరు, సొంత ఇల్లు. పింగ్ మళ్లీ ఎక్కి కూర్చుంది. పిన్ని ఇంటికి మోసుకెళ్లి అక్కడి తీగకి తగిలించినా అదే బురద.

ఆ కార్డుకి మారింది పేరు ఒక్కటే, పైగదిలో పేరు చూసి నెట్ బిగబట్టగలిగే చేయి కూడా ఒక్కటే. ఇంక వెతకడానికి ఏమీ మిగల్లేదు. కంచే చేను మేస్తుంటే కాకుల్ని తోలుతూ ఇన్నాళ్లు గడిపింది ఆమె.

శనివారం ఫ్యాక్టరీ ఒంటిపూట. ఇలింకా ఇంటికి కూడా వెళ్లకుండా సరాసరి పైగదికి వెళ్లింది. వోయికు కుర్చీలో కాళ్లు చాపుకొని ఆపిల్ తింటున్నాడు.

"నా లైనుని ఎందుకు బిగబట్టావ్?" అంది.

అతను ముందు నవ్వాడు. తర్వాత తీగ అన్నాడు, వాన అన్నాడు. సిదోనియా పేరునున్న కార్డు సంగతి ఆమె చెప్పేసరికి ఆపిల్ బల్లమీద పెట్టాడు.

"నీకు తెలీదా, ఆరుగురిలో మిగిలిపోయేది నేనే," అన్నాడు. "ఈ తీగలన్నీ నావి. చలిలో కప్పుల మీద పాకి నేను లాగినవి. నా తీగల మీద ఆడే జట్టు నన్నే ఇంట్లో కూర్చోబెట్టి బుకారెస్ట్ పోతే, రేపు ఈ పేటలో ఎలా తిరగమంటావ్?"

"అడగొచ్చుగా. నువ్వుండిపో రుచ్చీ, నేను వెళ్తానని అడగొచ్చుగా."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇలింకా ఆలోచించింది. నిజం చెప్పాలంటే ఇచ్చేది కాదు.

"అదీ. అందుకే నీ అంతట నువ్వే విసిగి మానేస్తావనుకున్నా. నువ్వా, మానేదానివా!" అన్నాడు వోయికు. అందులో కాస్త మెచ్చుకోలు కూడా ఉంది. అదే ఆమెకి ఎక్కువ మండింది. రోజూ తమ ఇంటికి వచ్చి, తన తండ్రి నడుం విరిగేలా ఫ్రిజ్ లాగించి, తల్లి ఫొటోలు చెరిపించి, పులుసు తాగి, ఇదంతా ఆ మనిషి ప్రేమగా చేశాడు. పగవాడైతే కనీసం పులుసు తాగేవాడు కాదు.

తన ఎదుటే తీసెయ్యమంది. అతను తీసేశాడు. రెండు మాటలు చెరిపి ఒక మీట నొక్కాడు, అంతే. ఆరు వారాల ఏడుపు అంత చిన్నగా ఉంది.

ఇంటికి వెళ్లి తండ్రికి చెప్పింది. అంగెల్ అంతా విన్నాడు, మధ్యలో రెండుసార్లు నడుం తడుముకున్నాడు. వోయికు చేసింది తప్పేనన్నాడు. గట్టిగానే అన్నాడు. తర్వాత, అయినా ఆట కోసం పెళ్లి చెడగొట్టుకుంటారా తల్లీ, తాగి వచ్చి కొట్టాడా, వేరేదాని వెంట పడ్డాడా, మగాడికి పరువు పోతుందని భయపడ్డాడు, అంతేగా అన్నాడు. అంతేనా అని అడిగింది ఇలింకా. అంతేగా అని ఆయన మళ్లీ అన్నాడు, ఈసారి ఆమె కళ్లలోకి చూడకుండా.

జట్టుకి కూడా చెప్పింది. మెట్లమీద గింజల పొట్టు మధ్య నిలబడి, అందరూ ఉండగా, వోయికు కూడా ఉండగా చెప్పింది. ఎవరూ కొట్టుకోలేదు. అందరూ నేలచూపులు చూశారు. ఎవరి ఇంటికి నెట్ రావాలన్నా పైవాడి దయే కదా. చివరికి ఓక్తావే నోరు విప్పాడు. జరిగిందేదో జరిగింది, పేర్లు పంపడానికి రేపే ఆఖరు, రేపు పైగదిలో అందరి మిషన్లూ ఒకే పెట్టెకి తగిలిద్దాం, తీగలు మూరెడేసి, ఎవడి లైనూ ఎవడూ బిగబట్టలేడు, వోయికూ ఇలింకా ఎదురెదురు ఆడండి, గెలిచినవాళ్లు బుకారెస్ట్ వస్తారు అన్నాడు. అందరూ న్యాయమే అన్నారు. ఇలింకా కూడా న్యాయమే అంది. ఆమె మొహం ఆ క్షణంలో వెలిగిపోయింది. ఇన్నాళ్లకి మంచి లైను మీద, అందరి కళ్లముందూ, ఆ మనిషితోనే! అంతకన్నా ఏం కావాలి?

ఆదివారం మధ్యాహ్నం పైగది నిండిపోయింది. సిదోనియా పిన్ని కూడా స్టూలు తెచ్చుకొని గోడవారగా కూర్చుంది. ఓక్తావ్ తీగలు తనే బిగించి, ఇద్దరి పింగూ అందరికీ చూపించాడు. రెండూ ఒకటే. వోయికు చెమటలు కక్కుతున్నాడు. ఓడిపోబోయే మొహం అతనిది, అందరూ చూశారు.

ఆట మొదలైంది. ఇలింకా తనకి అలవాటైన గుట్టచాటున దాక్కుంది. వోయికు మనిషి గోడచాటు నుంచి బయటికి వచ్చాడు. వస్తాడని ఆమెకి తెలుసు, ఎప్పుడు వస్తాడో కూడా తెలుసు. వేలు నొక్కింది. గుండు అతని ముక్కు ముందు నుంచి పోయి గోడకి తగిలింది. అతను ఉలిక్కిపడి తిరిగి, ఎడాపెడా కాల్చాడు. ఆమె పడిపోయింది.

మొదటిసారి పొరపాటనుకుంది. రెండోసారీ గుండు ముందే పోయింది. మూడోసారికి ఆమెకి అర్థమైంది. లైను ఆగడం మానేసింది గానీ, ఆమె వేలు ముందుగా నొక్కడం మానలేదు. ఇప్పుడే కాల్చాలని కన్ను అంటోంది, ఎప్పుడో కాల్చేశానని చేయి అంటోంది. ఆగు, ఆగు అని వేలికి చెప్పుకుంది. అలా చెప్పుకొని ఆగితే మరీ ఆలస్యమైంది. కుట్టుమిషను మీద కూడా అంతే, చేతికి వచ్చిన కుట్టుని మాటలతో మార్చలేం, దానికి వారాలు పడుతుంది. ఆమె దగ్గర పావుగంట ఉంది.

వోయికు బాగా ఆడలేదు. ఎప్పుడూ ఆడినట్టే ఆడాడు. అది చాలింది.

ఇలింకా మౌస్ మీంచి చేయి తీసి, అరచేతిని పావడాకి తుడుచుకుంది. ఇన్నాళ్లూ ఆ ఆలస్యం వల్ల ముందే కాల్చి కాల్చి చేయి అలా అలవాటుపడిపోయిందని చెప్పింది. మంచి లైను మీద ఒక్క వారం ఇస్తే సరిచేసుకుంటానంది. చెబుతుంటేనే ఆ మాట ఎలా వినిపిస్తోందో ఆమెకి తెలిసింది. పేర్లు ఇవ్వాళే పంపాలి కదమ్మా అన్నాడు ఓక్తావ్. ఆయన గొంతులో ఎకసెక్కం లేదు, జాలి ఉంది. "ఇప్పుడు లైను బాగానే ఉందిగా ఇలింకా," అన్నాడు.

వోయికు మాత్రం ఎగిరి గంతులెయ్యలేదు. అతనికి ఎంత ఊరట కలిగిందంటే, మళ్లీ మంచివాడైపోయాడు. జనం పోయాక ఆమె కంప్యూటరుని తనే భుజాన వేసుకొని రెండో అంతస్తుకి మోసుకొచ్చాడు. బల్లమీద పెట్టి, తీగలన్నీ బిగించి, అంతా పని చేస్తోందో లేదో చూశాడు. వంటింట్లో అంగెల్ పళ్లేలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇలింకా గుమ్మంలో నిలబడి ఉంది.

"లైనులోంచి తీసేశావ్," అంది. "ఈ చేతిలో పెట్టింది ఎలా తీస్తావ్?"

వోయికు ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకొని, వేళ్లు ఒక్కొక్కటే నిమిరాడు. అతనికి నిజంగానే దిగులుగా ఉంది.

"నెల్లాళ్లు ఆడితే పోద్దిలే రుచ్చీ. మేం బుకారెస్ట్ వెళ్లొచ్చేసరికి నువ్వు మళ్లీ మామూలైపోతావ్," అన్నాడు.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. వంటింట్లోంచి తండ్రి పిలిచి, అబ్బాయికి కూడా పళ్లెం పెట్టనా తల్లీ అని అడిగాడు. ఇలింకా వద్దంది. ఆయన విననట్టు ఊరుకొని, మూడో పళ్లెం పెట్టాడు.